కణితి పోయింది, చెయ్యి లేవడం లేదు

మాదాపూర్‌లోని ఓ ఐటీ సంస్థలో పనిచేసే నలభై రెండేళ్ల మహిళను ఊహించుకుందాం. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కీమో, రేడియేషన్ కూడా అయిపోయాయి. స్కాన్‌లో ఏమీ లేదన్నారు, ఇంట్లో స్వీట్లు పంచుకున్నారు. రాలిన జుట్టు మళ్లీ మొలిచింది కానీ, దువ్వుకోవడానికి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. జాకెట్టు హుక్కులు అమ్మే పెట్టాలి. వేలికొసలు మొద్దుబారి, చూసుకుంటే తప్ప కీబోర్డు మీద ఏ మీట నొక్కిందీ తెలియదు. ఆరు నెలలకు ముంజేయి వాచి గాజులు దిగబడ్డాయి. ‘ఒకసారి ఫిజియోథెరపీకి వెళ్లి చూడండి’ అన్న మాట ఆమె చెవిన పడింది అప్పుడే.

ఆ మాట ఆపరేషన్‌కు ముందే పడి ఉండాల్సింది. మన క్యాన్సర్ వైద్యం గెలుపోటములను కణితితో కొలుస్తోంది. వైద్యం ముగిశాక మనిషి ఏ పనులు చేసుకోగలుగుతున్నారన్న లెక్క ఎవరి పద్దులోనూ లేదు. ఆ లెక్క రాయాల్సింది ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు. పిలిచినప్పుడు వచ్చిపోయే సహాయకులుగానే వారిని ఉంచినంతకాలం ఆ పద్దు ఖాళీగానే ఉంటుంది.

హైదరాబాద్ పడమటి దిక్కున సాఫ్ట్‌వేర్, క్యాన్సర్ వైద్యం దాదాపు జంటగా ఎదిగాయి. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన ప్రధాని వాజ్‌పేయీయే 2000 జూన్ 22న బంజారాహిల్స్‌లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రినీ ప్రారంభించారు. అంతకుముందు పేదలకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రే దిక్కు. ఇప్పుడు గచ్చిబౌలి నుంచి నల్లగండ్ల దాకా కార్పొరేట్ ఆసుపత్రులు బారులు తీరాయి. రోబో సర్జరీ హోర్డింగులకు కొదవ లేదు. అవసరమూ చిన్నది కాదు. ఐసీఎంఆర్ 2020లో విడుదల చేసిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్నిచోట్లకన్నా హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువ: లక్ష మంది మహిళలకు 48. వీరిలో బతికి బయటపడేవారు పెరిగేకొద్దీ, చెయ్యి లేవనివారూ పెరుగుతారు.

రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులను పూర్తిగా తొలగిస్తే, సుమారు అయిదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. దీన్నే లింఫెడీమా అంటారు. ఎక్కువ మందికి అది మొదటి రెండేళ్లలో కనిపిస్తుంది. ముదిరితే పూర్తిగా తగ్గించడం కష్టం, తొలి దశలో పసిగడితే అదుపు చేయడం సులువు. పసిగట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు దర్జీ టేపుతో రెండు చేతులూ కొలిచి, కేసు షీటులో రాసుకుంటే చాలు. మూడు నెలలకోసారి మళ్లీ కొలిస్తే తేడా తెలిసిపోతుంది. ముందు కొలవనప్పుడు, వాపు ఎంత పెరిగిందన్న ప్రశ్నకు సరైన జవాబే ఉండదు.

నోటి క్యాన్సర్‌దీ ఇదే కథ. ఆపరేషన్, రేడియేషన్ తర్వాత దవడ కండరాలు బిగుసుకుపోతాయి. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి. 35 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకపోతే దాన్ని ట్రిస్మస్‌గా లెక్కిస్తారు. ఇంకా బిగుసుకుంటే ఇడ్లీ ముక్క పెట్టుకోవడమే కష్టం, పళ్లు తోముకోవడం నరకం. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పుల్లలను పళ్ల మధ్య ఒకదానిమీద ఒకటి పేర్చి, రోజులు గడిచేకొద్దీ ఒక్కో పుల్ల పెంచుతూ పోవడం దీనికున్న పాత చిట్కాల్లో ఒకటి. పుల్లకు ఖర్చేమీ లేదు. ఎన్ని పెట్టాలో, ఎప్పుడు ఆపాలో చూపించే మనిషి మాత్రం రేడియేషన్ మొదలైన రోజునుంచీ పక్కన ఉండాలి.

ఫిజియోథెరపీ పరిస్థితే ఇలా ఉంటే ఆక్యుపేషనల్ థెరపీ సంగతి చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో ‘ఓటీ’ అంటే ఆపరేషన్ థియేటర్. కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్లలో ‘ఓటీ’ అంటే ఆటిజం ఉన్న పిల్లల్ని తీసుకెళ్లే సెంటర్. క్యాన్సర్ రోగికి ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఏం చేస్తారన్నది చదువుకున్నవాళ్లకూ పెద్దగా తెలియదు. ఉన్న కాస్త ఓపికను రోజంతటికీ ఎలా పంచుకోవాలో, కూరగాయలు కూర్చుని ఎలా తరుక్కోవాలో, మొద్దుబారిన వేళ్లతో బొత్తాలు ఎలా పెట్టుకోవాలో వీరు నేర్పిస్తారు. కీమో తర్వాత మతిమరుపుతో సతమతమయ్యేవారికి పనిని చిన్న మెట్లుగా విడగొట్టి ఇస్తారు. తిరిగి ఉద్యోగంలో చేరేటప్పుడు మొదట నాలుగు గంటలా, ఇంటినుంచా, ఏ కుర్చీలో అన్నది తేల్చగలిగేదీ వీరే. ఇన్ని క్యాన్సర్ ఆసుపత్రులు, ఇన్ని ఐటీ ఆఫీసులు పక్కపక్కనే ఉన్న ఈ కారిడార్‌లో ఆ రెండింటికీ వంతెన వేయాల్సిన వృత్తి ఇది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 వైకల్యాల జాబితాలో క్యాన్సర్ లేదు. కాబట్టి ఆఫీసులో వెసులుబాటు చాలాసార్లు మేనేజర్ మంచితనం మీదే ఆధారపడుతోంది.

రొమ్ము ఆపరేషన్ అయినవారికి ‘ఆ చేత్తో బరువు ఎత్తకమ్మా’ అన్నది మన ఇళ్లలో వేదవాక్కు. కానీ లింఫెడీమా ఉన్న 141 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ వ్యాయామం చేసినవారికి వాపు పెరగలేదు సరికదా, ముదరడం తగ్గింది. అదే పత్రికలో 2025లో వెలువడిన ‘ఛాలెంజ్’ అధ్యయనం మరో అడుగు ముందుకేసింది. పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో పూర్తయిన 889 మందిలో కొందరికి మూడేళ్లపాటు శిక్షకులతో వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వారిలో 90.3 శాతం బతికి ఉంటే, ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83.2 శాతం ఉన్నారు. ఒక మందు ఇలాంటి ఫలితం ఇస్తే దాని ధర లక్షల్లో ఉండేది.

మరి అడ్డంకి ఎక్కడుంది? పెత్తనం దగ్గర. సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి రోగి చికిత్సను నిర్ణయించే ట్యూమర్ బోర్డులో థెరపిస్టుకు కుర్చీ వేసే ఆసుపత్రులు అరుదు. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రెండింటికీ గుర్తింపునిచ్చింది. కానీ మన చర్చ హోదా దగ్గరే ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోకూడదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. రోగికి కావాల్సింది పేరు ముందు అక్షరాలు కావు, ఆ పేరుగల మనిషి మొదటి రోజే తన చెయ్యి పట్టి చూడటం.

థెరపిస్టుకు పగ్గాలిస్తే ప్రమాదమన్న అభ్యంతరంలో కొంత నిజముంది. ఎముకలకు క్యాన్సర్ పాకినా, ప్లేట్‌లెట్లు పడిపోయినా వ్యాయామం చేటు చేయగలదు. అందుకే డాక్టరూ థెరపిస్టూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగానికి సొంత బడ్జెట్, సొంత లెక్కలు, జవాబుదారీ గల అధిపతి ఉండాలి. ఎంతమందిని ఆపరేషన్‌కు ముందే కొలిచారు, ఏడాదికి ఎంతమంది ఉద్యోగానికో పొలానికో తిరిగి వెళ్లారు అన్నది ఆ అధిపతి ఏటా చెప్పాలి.

డబ్బు సంగతీ తేల్చాలి. ఆరోగ్య బీమా పాలసీలు డిశ్చార్జి తర్వాత సాధారణంగా 60 నుంచి 90 రోజుల ఖర్చులే ఇస్తాయి. వాపు మాత్రం రెండేళ్లలో ఎప్పుడైనా రావచ్చు. గ్రూపు పాలసీలను ఏటా బేరమాడే ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు ఈ గడువును పొడిగించమని గట్టిగా అడగగలవు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. క్యాన్సర్ తర్వాతి ఏడాది థెరపీకి, కంప్రెషన్ స్లీవ్‌కు అందులో విడిగా ప్యాకేజీ పెట్టాలి. ఎంఎన్‌జేకు జిల్లాల నుంచి వచ్చే కూలీ మనిషి వారం వారం బస్సెక్కి రెడ్‌హిల్స్‌కు రాలేరు. వారికి జిల్లా ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టే శిక్షణ పొంది అందుబాటులో ఉండాలి.

కోట్ల రూపాయల యంత్రాలు కొన్న నగరమిది. ఆపరేషన్‌కు ముందు రోజు ఆమె రెండు చేతులూ కొలవడానికి ఒక దర్జీ టేపు, పావుగంట సమయం, ఆ కొలతకు జవాబుదారీగా ఉండే ఒక మనిషి కావాలి. టేపు ఏ వీధి దుకాణంలోనైనా దొరుకుతుంది. మిగతా రెండూ ఆసుపత్రి యాజమాన్యాలు తలచుకుంటేనే దొరుకుతాయి.