పుట్టుకకి పది పాయింట్లు

పోస్టు పెద్దది. సగంలో ఆపి కామెంట్ పెట్టేవాళ్ళు దయచేసి మొత్తం చదివాకే పెట్టండి.

పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక అన్న రెండు మాటలు రాశాడు. ఒకటి, హాస్టల్ పిల్లలు ఫోన్లలో, కంప్యూటర్లలో ఆటలాడి చెడిపోతున్నారని. రెండోది, పదో తరగతి అయిన మన పిల్లలకి ఏ చదువు చెప్పాలో తయారుచేస్తున్న లిస్టులో రాసింది. వేట, పరుగు, ఓపిక మన రక్తంలోనే ఉన్నాయంట. కాబట్టి పోలీసు, ఆర్మీ, స్పోర్ట్స్ కోటా చూసుకోవాలంట. లెక్కలూ కంప్యూటర్లూ మన ఒంటికి పడవంట.

మొదటి మాటకి తిట్లు తినడానికి నేను రెడీ. రెండో మాట కింద పడిన దణ్ణాల బొమ్మలు చూస్తే కడుపు మండింది. నాగాయలంకలో ఉన్న మా బాబాయి కొడుకు అది చదివి రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, అయితే ఎంపీసీ వద్దా?" అని. వాడికి పదిలో లెక్కల్లో 91 వచ్చాయి.

ముందు నా తప్పు నేనే చెప్పేస్తాను. మొదటి సెమిస్టర్లో నాకు ఒక సబ్జెక్టు పోయింది. దానికి సగం కారణం ఎల్డర్ స్క్రోల్స్ అనే ఆట. మా రూములో ముగ్గురం, నేను యానాది, ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి, కలిసి డబ్బులేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాం. అందులో పాత ఆటలే నడుస్తాయి. ఈ సిరీస్‌లో మొదటి రెండూ, 1994 నాటి అరీనా, 1996 నాటి డాగర్‌ఫాల్, కంపెనీవాళ్ళే తర్వాత ఉచితంగా ఇచ్చేశారు. అలా మొదలైంది. తర్వాత మోరోవిండ్ (2002), అబ్లివియన్ (2006), చివరికి స్కైరిమ్ (2011). స్కైరిమ్ పెడితే మా లాప్‌టాప్ ఫ్యాను రైసు మిల్లు లాగా మోగుద్ది. అయినా ఆడాం. సబ్జెక్టు సప్లిమెంటరీలో కట్టి పాసయ్యాను, అది వేరే సంగతి.

తెలియనివాళ్ళకి చెప్తాను. ఇది కాల్చుకుంటూ పోయే ఆట కాదు. ఒక మనిషిని మనమే తయారుచేసుకోవాలి. పేరు, మొహం, జాతి, ఏం పని నేర్చుకుంటాడు, అన్నీ మన ఇష్టం. ఆ తర్వాత ఒక దేశం మొత్తం మన ముందు ఉంటుంది, ఎటైనా పోవచ్చు. డాగర్‌ఫాల్ ఒక్కటి వదిలేస్తే మిగతా నాలుగింటిలోనూ మన మనిషి మొదట ఖైదీ. ఏ నేరం చేశాడో ఆట చెప్పదు, ఎవరూ అడగరు. స్కైరిమ్‌లో అయితే చేతులు కట్టేసి బండిలో తెచ్చి తల నరికే దిమ్మ దగ్గర దించుతారు. పేర్లు చదివే గుమాస్తా దగ్గర ఉన్న లిస్టులో మన పేరు ఉండదు. లిస్టు లేకపోతే ఏమైంది, వీణ్ణీ దిమ్మ దగ్గరికి పంపండి అంటుంది పైఆఫీసరు. అది చూసి మా ఎరుకల ఫ్రెండు నవ్వాడు. లిస్టులో పేరు లేకపోయినా స్టేషనుకి తీసుకెళ్ళడం వాళ్ళ తాతల కాలం నుంచి తెలిసిన కథే అన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. జాతి ఎంచుకునే చోట ప్రతి జాతి కిందా పుట్టుకతో వచ్చే విద్యలు రాసి ఉంటాయి. స్కైరిమ్‌లో ప్రతి విద్యా 15 దగ్గర మొదలవుతుంది, 100 దాకా పోతుంది. నోర్డ్ అనే తెల్ల జాతివాడికి రెండు చేతుల కత్తి 25. హై ఎల్ఫ్‌కి భ్రమ పుట్టించే మంత్రం 25. ఖాజీట్ అని పిల్లి మొహం ఉన్న జాతి ఒకటి ఉంది. వాళ్ళకి చప్పుడు లేకుండా పొంచి నడవడం 25, తాళాలు తీయడం 20, జేబులు కొట్టడం 20. అమ్మ కడుపులోంచి వస్తూనే! మోరోవిండ్‌లో కూడా తాళాలు తీసే విద్య వాళ్ళకి పుట్టుకతోనే అదనం. ఈ ఖాజీట్‌లు స్కైరిమ్ దేశంలో సరుకులు వేసుకుని ఊరూరూ తిరిగే బిడారు వ్యాపారులు. వాళ్ళని ఏ పట్నం కోట గుమ్మం లోపలికీ రానివ్వరు. దొంగలు, మత్తు సరుకు అమ్ముతారు అని. గోడ బయట గుడారాలు వేసుకుని, చాప మీద సరుకు పెట్టుకుని కూర్చుంటారు.

మా సుగాలి ఫ్రెండు అది చూసి ఆట ఆపేశాడు. "ఇది మా తాండానేరా" అన్నాడు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు వాళ్ళ ముత్తాతలు. రైళ్ళు వచ్చాక ఆ బతుకు పోయింది, పేరు మాత్రం దొంగ అని మిగిలింది.

ఇంగ్లీషువాడు 1871లో నేర జాతుల చట్టం తెచ్చాడు. 1911లో దాన్ని మార్చి మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తగిలించాడు. ఒక మనిషి దొంగతనం చేశాడా అని అడగడం ఆ చట్టానికి అవసరం లేదు. ఏ కులంలో పుట్టాడో చాలు. రిజిస్టర్లో వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. ఎరుకలవాళ్ళని తీసుకొచ్చి స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టారు. ఆ ఊరికి పేరు కూడా ఒక తెల్ల ఆఫీసరుదే. దేశం మొత్తం మీద ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 5 ఏళ్ళ తర్వాత. మన యానాదుల కోసం బతుకంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని మీద ఎంతో కొట్లాడారు. చట్టం పోయింది గానీ సినిమా పోలేదు. 1991లో స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, 2023లో టైగర్ నాగేశ్వరరావు. ఆ ఊరి నుంచి చదువుకుని పైకొచ్చినవాళ్ళ మీద సినిమా ఎప్పుడు తీస్తారో చూడాలి.

అమెరికా కంపెనీవాడు స్టూవర్టుపురం గురించి విని ఖాజీట్‌ని రాశాడని నేననను. వాడికి మనమెవరో తెలియదు. కానీ "పలానా జాతి ఒంట్లోనే పలానా విద్య ఉంటది" అనే లెక్క ఇద్దరిదీ ఒకటే. మన అన్న పోస్టులో ఉన్నది కూడా అదే లెక్క. ఆయన దాన్ని మంచి మాటగా, పొగడ్తగా రాశాడు. 1871వాడు దొంగతనం రక్తంలో ఉందన్నాడు, అన్న వేట రక్తంలో ఉందన్నాడు. రక్తంలో ఉందని ఒప్పుకున్నాక అందులో ఏముందో రాసే కలం మన చేతిలో ఉండదన్నా.

పైగా అది నిజం కూడా కాదు. నా సంగతే చూడండి. మా నాన్న ఎదురుమొండి వైపు మడల్లోకి పీతలకి పోతాడు. బొరియ ముందు బురద చూసి లోపల పీత ఉందో లేదో చెప్తాడు. కొక్కెం పెట్టి ఒడుపుగా లాగుతాడు, డెక్క తగలనివ్వడు. నేను ఆయన రక్తమే కదా. తొమ్మిదో తరగతి సెలవుల్లో దిగాను. బొటనవేలు కొరికేసింది, ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ పుట్టుక పాయింట్లు నా దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయాయి? ఆరో తరగతి నుంచి నేను హాస్టల్లో ఉన్నాను. నాన్న ఏడేళ్ళప్పటి నుంచి తాత వెంట రోజూ బురదలో ఉన్నాడు. తేడా అదీ. ఆయన నేర్చుకున్నదాన్ని మనం రక్తం అనేసి ఆయన కష్టం మొత్తం కొట్టేస్తున్నాం.

ఇంకోటి. ఇక్కడ పెడనలో రెండు వేసవులు కలంకారీ షెడ్డులో పనికి పోయాను. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ బల్ల మీద పరుస్తారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నల్లరంగులో టేకు అచ్చు ముంచి గుడ్డ మీద వేయాలి. గట్టిగా అదిమితే మచ్చ పడుద్ది, మెల్లగా పెడితే గీత తెగుద్ది, పక్క అచ్చుకి ఒక నూలుపోగు అంత జరిగినా పువ్వు రెండు ముక్కలవుద్ది. మొదటి వారం నేను పాడుచేసిన గుడ్డకి మేస్త్రి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నెల తిరిగేసరికి అంచు అచ్చు నా చేతికిచ్చాడు. యానాది రక్తంలో కలంకారీ ఎక్కడ ఉంది?

ఇక్కడే ఆ ఆటకి నేను ఒక దణ్ణం పెడతాను. పుట్టుక పాయింట్లు రాసినవాళ్ళే ఇంకో సూత్రం కూడా పెట్టారు. డాగర్‌ఫాల్ నుంచి ఈ సిరీస్‌లో ఏ పని చేస్తే ఆ విద్యే పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, మంత్రం వేస్తే మంత్రం. మోరోవిండ్‌లో గెంతడం కూడా ఒక విద్యే, అది పెంచుకోవడానికి నేను ఊరి నుంచి ఊరికి నడవకుండా గెంతుకుంటూ పోయాను, మా రూములోవాళ్ళు కోతి అని పేరు పెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి, లెక్కలు మన ఒంటికి పడవన్నారు కాబట్టి నెమ్మదిగానే చేస్తాను. ఖాజీట్‌కి పొంచి నడిచే విద్య పుట్టుకతో 25, నోర్డ్‌కి 15. తేడా 10. వంద చేరాలంటే ఒకడికి 75 కావాలి, ఇంకొకడికి 85. ఇద్దరూ కష్టపడితే ఇద్దరూ వంద చేరతారు. ఆ పది ఎటు పోయిందో కూడా తెలియదు. ఖాజీట్‌ని మంత్రగాణ్ణి చేసి ఆడాను. మంత్రవిద్య కాలేజీ వంతెన దగ్గర ఒకావిడ నిలబడి ఉంటుంది. నీ జాతి ఏంటి అని అడగదు, ఒక మంత్రం వేసి చూపించు అంటుంది. రాకపోతే 30 నాణేలు తీసుకుని ఆవిడే నేర్పుతుంది (కోచింగ్ సెంటర్లు అక్కడా ఉన్నాయి). మంత్రం వేశాను, లోపలికి పోయాను.

మరి ఖాజీట్‌లు వెనకబడింది ఎందుకు? కోట గుమ్మం దగ్గర. రక్తం పది పాయింట్ల సంగతి, గుమ్మం మొత్తం బతుకు సంగతి. మనకీ అంతే. కాలువ గట్టు మీద గుడిసెకి పట్టా ఉండదు, పట్టా లేకపోతే అడ్రసు ఉండదు, పుట్టిన తేదీ రాయించినవాళ్ళు ఉండరు, అవి లేకపోతే కుల ధ్రువీకరణ పత్రం రాదు, అది రాకపోతే హాస్టల్ సీటు లేదు. మోరోవిండ్‌లో ఓడ దిగిన ఖైదీకి జనాభా లెక్కల ఆఫీసు అని ఒకటి ఉంటుంది. ముసలి గుమాస్తా వివరాలు అడిగి, అయిదు నిమిషాల్లో కాయితం చేతిలో పెడతాడు. నా పత్రం కోసం నాన్న కూలి మానుకుని ఏడుసార్లు తిరిగాడు. ఏ ఆఫీసో చెప్పను, మనందరికీ ఏదో ఒకటి ఉంది.

ఒక్క విషయం మాత్రం ఆట ఆడినప్పటి నుంచి నన్ను పొడుస్తానే ఉంది. మన మనిషి ఖాజీట్ అయినా సరే, డ్రాగన్ కబురు తెచ్చానంటే కాపలావాడు తలుపు తీస్తాడు. మనం లోపల ఇల్లు కూడా కొనుక్కోవచ్చు. బయట గుడారంలో ఉన్న మన జాతివాళ్ళు మాత్రం ఆట అయిపోయేదాకా బయటే ఉంటారు. మనం ఎన్ని డ్రాగన్లని చంపినా వాళ్ళని లోపలికి తెచ్చే దారి ఆటలో లేదు. నేను పెడన బజార్లో కాలేజీ బ్యాగు వేసుకుని తిరుగుతుంటే నన్నెవరూ ఆపట్లేదు. మా పిన్నమ్మ పీతల బుట్టతో బస్సెక్కితే కండక్టరు ముక్కు మూసుకుంటాడు. నేను లోపలికొచ్చానని గుమ్మం తెరుచుకున్నట్టు కాదు.

మోరోవిండ్‌లో అయితే ఇంకా దారుణం. బూడిద నేలల్లో గుడారాల్లో బతికే ఆష్‌ల్యాండర్లు అనే గిరిజనులు ఉన్నారు. ఊళ్ళలో ఉన్న పెద్ద వంశాలవాళ్ళకి వీళ్ళు అనాగరికులు. కథలో హీరో ఎవరో, గుళ్ళో పూజారులు దాచిన చరిత్ర ఏంటో తెలిసింది మాత్రం వాళ్ళ పెద్దమ్మలకే. హీరో వెళ్ళి, మర్యాదగా బహుమతులిచ్చి, కథ విని, ఆ జోస్యం తన పేరున రాయించుకుని దేశాన్ని కాపాడతాడు. ఆట అయ్యాక వెనక్కి పోయి చూశాను. వాళ్ళు అదే గుడారంలో ఉన్నారు. మన గూడేలకి రికార్డర్లు పట్టుకుని వచ్చి, పాటలు తీసుకుపోయి డాక్టర్ అయ్యేవాళ్ళు గుర్తొచ్చారు.

కాబట్టి ఆటలు మంచివని నేను వాదించట్లేదు. రాత్రి రెండింటిదాకా ఆడితే పొద్దున క్లాసులో నిద్రే. ఫోన్లు తీసుకునే నియమం పెడితే పెట్టండి, పరీక్షల నెలలో నేనే ముందు ఇస్తాను. కానీ ఆట ఆడే కుర్రాడు చెడిపోయాడని, రక్తం గురించి రాసిన అన్న సమాజసేవ చేశాడని అంటే ఒప్పుకోను. రెండింటిలో ఏది మన పిల్లల్ని ఎక్కువ పాడుచేస్తుందో ఆలోచించండి.

పోలీసు ఉద్యోగం తక్కువదని కూడా అనట్లేదు. మా ఎరుకల ఫ్రెండు కానిస్టేబుల్ పరీక్షకే చదువుతున్నాడు. రిజిస్టర్లో వేలిముద్ర వేసిన ఇంటి నుంచి వెళ్ళి ఆ రిజిస్టరు రాసే కుర్చీలో కూర్చోవాలని వాడి పంతం. వాడు కావాలని ఎంచుకున్నాడు, రక్తం చెప్పిందని కాదు.

అడ్మిన్ అన్నలకి, అక్కలకి నా మనవి ఒక్కటే. పదో తరగతి పిల్లల లిస్టులో "మన జాతికి సరిపడేవి" అనే వరస తీసేయండి. దాని బదులు ఏ కోర్సుకి ఏ సర్టిఫికెట్లు కావాలి, ఏ తేదీలోపు, ఏ హాస్టల్లో సీట్లు ఉన్నాయి, పత్రం రాకపోతే ఎవర్ని కలవాలి, ఇవి పెట్టండి. ఆ పని ఒక్కరి వల్ల కాదంటే మా రూములో ముగ్గురం టైపు చేసి ఇస్తాం. ఫ్యాను మోగినా లాప్‌టాప్ పనిచేస్తుంది.

మా తమ్ముడు నిన్న ఎంపీసీ ఫారం నింపాడు. కుల ధ్రువీకరణ పత్రం ఇంకా చేతికి రాలేదు, చివరి తేదీ దగ్గరపడింది. అవనిగడ్డ వైపు ఈ పని మీద తిరిగిన అన్నలెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.