జుట్టు లేనమ్మ మాట

'జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది' అని మన సామెత. జుట్టు లేనమ్మ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను.

రెండో కాన్పయిన మూడో నెలలో నాకు జుట్టు రాలడం మొదలైంది. అందరికంటే ముందు లేచి దిండు మీది వెంట్రుకలు ఏరేదాన్ని. అన్నంలో వెంట్రుక వస్తే ఆ పూట ఇంట్లో రభసే. పెళ్లికి వెళ్లాలంటే సవరం ఉండాల్సిందే. 'జడ ఎలుకతోకలా అయిందేమే?' అని అడగని బంధువు లేదు. 'ఒంట్లో ఎలా ఉంది?' అని అడిగినవాళ్లూ లేరు. మా ఆయన నడినెత్తి ఎప్పుడో ఖాళీ అయింది. అది మాత్రం కలిసొచ్చే లక్షణమట!

ఇదంతా అందం పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. ఆడదాని జుట్టుకు ఇంత అర్థం అంటగట్టింది ఎవరు? భర్త పోతే తల గొరిగించి మూల కూర్చోబెట్టిన ఆచారం మనలో కొన్ని కులాల్లో ఉండేది. వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ మంగలికత్తి పోయినా 'ముండ', 'బోడి' అన్న తిట్లు పోలేదు. వాటి అర్థం గొరిగిన తలే. మొక్కుకొని మనమే ఇచ్చే తలనీలాలకు పుణ్యం, మన ప్రమేయం లేకుండా రాలే జుట్టుకు అవమానం!

నాలుగు రకాల నూనెలు వాడాక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. కాన్పు తర్వాత రాలిన జుట్టు మామూలుగా కొన్ని నెలల్లో తిరిగి వస్తుందట. నాకు రాకపోవడానికి కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ వడ్డించి అడుగంటినది తినే మనిషికి నూనె సీసా ఏం చేస్తుంది? బట్టతల నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని 1945 నాటి ఔషధ నియమాల షెడ్యూల్ 'జె' చెబుతోంది. అయినా 'ఒత్తైన జుట్టు' పేరుతో మన భయాన్ని మనకే అమ్ముతున్నారు.

అక్కచెల్లెళ్లారా! జుట్టు రాలితే దాచుకోవద్దు. ముందు రక్తం, థైరాయిడ్ పరీక్షలు అడగండి. 'ఆడవాళ్లకిదో బెంగ' అనే డాక్టరును నిలదీయండి. కంచంలో మన వాటా మనం తీసుకుందాం. నా జుట్టు సగమే తిరిగి వచ్చింది. సవరం మాత్రం తీసి పారేశాను. తలెత్తుకు తిరగడానికి తల ఉంటే చాలు.