వణికే అద్దం వెనక...

మదనపల్లె మార్కెట్లో టమోటా క్రేట్లు నింపుకొని ఓ పికప్ బయల్దేరింది. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ప్రయాణం. వెనక బాడీ వెడల్పు, పైన టార్పాలిన్ ఉబ్బు. కంపెనీ అద్దంలో అవి తప్ప మరేమీ కనబడడం లేదని డ్రైవరు ఈమధ్యే పొడుగు చేతుల అద్దాలు కొని బిగించుకున్నాడు. చూడ్డానికి దర్జాగానే ఉన్నాయి. ఊరు దాటి వేగం అందుకోగానే మొదలైంది వణుకు! వెనకొచ్చే బస్సు రెండు బస్సుల్లా కనిపించింది. మోటార్ సైకిలైతే కనిపించనే లేదు.

పుంగనూరులో షెడ్డు ముందు ఆపాడు.

''అద్దం ఒకటే వణకతా ఉందినా, కొంచెం చూడు.''

''బండి నిలబడినప్పుడా, పోతా ఉండేటప్పుడా?'' అన్నాడు మెకానిక్.

సగం వైద్యం ఆ ప్రశ్నలోనే ఉంది. నిలబడి ఉన్నప్పుడే అద్దం వణికితే ఆ అదురు ఇంజిన్ నుంచి వస్తున్నట్లు. ఇంజిన్ కింది మౌంటింగ్ రబ్బర్లు అరిగాయేమో చూడాలి. రెండు సిలిండర్ల చిన్న బండ్లలో ఈ అదురు మరీ ఎక్కువ. ఫలానా వేగం దగ్గరే వణికి, అది దాటాక తగ్గితే చక్రాల బ్యాలెన్సింగ్‌నీ, గాలి తాకిడినీ అనుమానించాలి. గుంతల్లో మాత్రమే ఊగితే ఎక్కడో బిగువు తప్పినట్లు.

తర్వాతి పరీక్షకు చెయ్యి చాలు. అద్దం అంచు పట్టుకుని మెల్లగా కదపాలి. గాజు ఒక్కటే డొప్పలో కదులుతోందా? వెనక రెండువైపులా అంటుకునే టేపు వేయాలి. కీలు దగ్గర కదులుతోందా? దుమ్ము తుడిచి, స్ప్రింగ్ వాషరు వేసి బిగించాలి. తలుపు రేకే లోపలికీ బయటికీ ఊగుతోందా? అప్పుడు నట్టు ఎంత బిగించినా దండగే. రేకు లోపలివైపు మందపాటి ఇనుప పట్టీ వేసి, దాని మీద బోల్టు బిగిస్తే బరువు నలుమూలలా పంచుకుంటుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వణుకు తగ్గాలని బ్రాకెట్ కింద ట్యూబు ముక్కలు మడతలు మడతలుగా పెడతారు. పలుచటి రబ్బరు మంచిదే. మందం పెరిగితే మాత్రం అద్దానికి ఊయల కట్టినట్టే! దానికన్నా చేతిని అవసరమైనంత వరకే పొడుగు ఉంచి, కింద నుంచి రెండో కడ్డీ ఆసరా ఇవ్వడం మేలు. రెండు కడ్డీలూ తలుపూ కలిసి త్రిభుజమైతే కదలిక ఉండదు.

ఇంత చిన్న వణుక్కి ఇంత హడావుడా అనుకోవద్దు. అద్దం ఎంత తిరిగితే అందులో చూపు అంతకు రెట్టింపు తిరుగుతుంది. ఒక్క డిగ్రీ కదిలినా 50 మీటర్ల వెనక చూపు దాదాపు 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఓ మోటార్ సైకిల్ మాయమవడానికి అది చాలు.

ఈ తంటా ఈనాటిది కాదు. 1911లో అమెరికాలో జరిగిన మొదటి ఇండియానాపొలిస్ 500 కారు పందెంలో రే హారూన్ ఒంటరిగా దిగాడు. మిగతావాళ్ల పక్కన వెనక్కి చూసి చెప్పే మనిషి ఉన్నాడు. హారూన్ ఆ మనిషికి బదులు కారుకు అద్దం పెట్టుకున్నాడు. పందెం గెలిచాడు. ఇటుకలు పరిచిన ఆ బాట మీద అద్దం అదిరిపోయి తనకేమీ కనబడలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు!

పందెం బాటలో ఎదురుగా వచ్చేవాళ్లుండరు. ఇక్కడ ఉంటారు. పక్కనుంచి దూరేవాళ్లూ ఉంటారు.

పుంగనూరు షెడ్డులో పని అరగంటలో అయిపోయింది. ఓ ఇనుప పట్టీ, ఓ కడ్డీ, నాలుగు వాషర్లు. ''కొత్తగా బిగించినాం గదా, కుప్పంలో ఆపినప్పుడు ఇంకోసారి నట్లు చూసుకోప్పా'' అని పంపాడు మెకానిక్.

కుప్పం దగ్గరపడుతుండగా డ్రైవరు పక్కకు తిరగబోతూ అద్దంలోకి చూశాడు. వెనకే ఓ మోటార్ సైకిల్. ట్యాంకు మీద కూర్చున్న చిన్నపిల్లాడు కూడా స్పష్టంగా కనిపించాడు. స్టీరింగు తిప్పకుండా ఆగి, వాళ్లకు దారిచ్చాడు.