కాలయానం చదువు ఏ కాలేజీలో?

"మాస్టారూ, కాలంలో ప్రయాణించడం గురించి చదవాలంటే ఏ కాలేజీలో చేరాలండీ?" అని పదో తరగతి కుర్రవాడొకడు నన్నడిగాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే అందులో నిజమైన శాస్త్రం ఉంది. 1971లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సీజియం గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. వేగం పెరిగితే గడియారం నెమ్మదిస్తుంది. ఎత్తుకు పోతే కాస్త త్వరగా నడుస్తుంది. ఈ రెండింటి ఫలితంగా, తూర్పుగా వెళ్లినవి నేలమీది గడియారాలకన్నా సుమారు 59 నానోసెకన్లు వెనుకబడ్డాయి. పడమరగా వెళ్లినవి సుమారు 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. తూర్పుగా వెళ్లిన గడియారం ఆ కాస్త మేరకు భవిష్యత్తులోకి దిగిందన్నమాట!

మరి గతంలోకి? ఐన్‌స్టీన్ సమీకరణాల ప్రకారం అటువంటి దారులుండే విశ్వం సాధ్యమేనని 1949లో గోడెల్ చూపాడు. ప్రకృతి అందుకు ఒప్పుకోదని 1992లో హాకింగ్ ప్రతిపాదించాడు. ఆ వాదం ఇంకా తేలలేదు.

కాలయానం పేరుతో డిగ్రీ కోసం వెతకకండి. మీకు కావలసింది భౌతికశాస్త్రం, అంతకు మించి గణితం. అందుకని ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకునే ముందు కాలేజీ భవనాలనూ, ర్యాంకుల ఫొటోలనూ చూసి మురిసిపోకండి. అక్కడ చదివే అన్నలనూ అక్కలనూ అడగండి: సూత్రాలు బట్టీ పట్టిస్తారా, ఎలా వచ్చాయో చెబుతారా? లైబ్రరీ తెరిచి ఉంటుందా? సందేహం అడిగితే "పరీక్షలో రాదు, కూర్చో" అంటారా? ఆ ఒక్క మాట చాలు, పిల్లల కుతూహలం చచ్చిపోవడానికి.

ఇంటర్ తరువాత బెంగుళూరులోని ఐ.ఐ.ఎస్‌సి., తిరుపతితో కలిపి ఏడు చోట్ల ఉన్న ఐసర్‌లు, భువనేశ్వర్‌లోని నైసర్ ఉన్నాయి. ప్రవేశ పరీక్షలు కష్టమే. సీటు రాకపోతే దారి మూసుకుపోయిందనుకోవద్దు. దగ్గరలోని డిగ్రీ కాలేజీలో బి.ఎస్‌సి. శ్రద్ధగా చదివి, 'జామ్' పరీక్ష రాసి ఐ.ఐ.టి.లో ఎం.ఎస్‌సి. చేయవచ్చు.

అమల్ కుమార్ రాయ్‌చౌధురి సంగతి వినండి. కలకత్తాలోని ఒక పరిశోధన సంస్థలో ఆయనకు అప్పగించిన పని లోహాల ధర్మాలను గురించినది. ఆయన మనసు మాత్రం సాపేక్ష సిద్ధాంతం మీదే ఉండేది. 1955లో ఆయన ప్రచురించిన సమీకరణమే తరువాత పెన్‌రోజ్, హాకింగ్‌ల పరిశోధనకు ఆధారమైంది.

"ఈ చదువు అన్నం పెడుతుందా?" అని ఆ కుర్రవాడి తండ్రి నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. పరిశోధన ఉద్యోగాలు తక్కువ, చదువు ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను. కాని నేర్చిన గణితం వృథా పోదు, పాఠం చెప్పుకునైనా బతకవచ్చునని కూడా చెప్పాను. నేను బతుకుతున్నది అలాగే కదా!

కుర్రవాడికి చెప్పింది ఒక్కటే: "నీ ప్రశ్నకు నవ్వని మాస్టారు ఎక్కడుంటే అక్కడ చేరు."