అవ్వ నోరు మూయించి ఫోనులో తెలుగు వెతకొద్దు



పాపారపట్టిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మన ఇళ్ల తీరు చూడండి. చంకలో బిడ్డ ఏడిస్తే ఫోను తీసి తెలుగు పాటల వీడియో పెడతాం. పక్కనున్న అవ్వ తెలుగులో పిలిస్తే, "ఊరుకో అత్తా, తమిళంలోనే మాట్లాడు, రెండు భాషలైతే బిడ్డ తికమక పడతాడు" అంటాం. పైగా మన గ్రూపులో అలాంటి వీడియోలు పంచి, తెలుగును కాపాడుతున్నామని చెప్పుకుంటాం.

ఇది కాపాడటం కాదని మేము గట్టిగా చెబుతున్నాం.

అమెరికాలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఉంది. తొమ్మిది నెలల పసిబిడ్డలకు 12 సార్లు చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష శబ్దాలను పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ పట్టలేదు. 2014లో రోజ్‌బెర్రీ, హిర్ష్-పాసెక్, గోలింకాఫ్ రెండేళ్ల పిల్లలను పరీక్షించారు. వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి దగ్గర కొత్త మాటలు నేర్చారు, రికార్డు చేసిన వీడియోలో నేర్వలేదు. బిడ్డ నవ్వితే నవ్వాలి, ఊఁ అంటే బదులు పలకాలి. ఆ పని వీడియో చేయదు, అవ్వ చేస్తుంది.

ఇక తికమక మాట. రెండు భాషలు బిడ్డ తెలివిని తగ్గిస్తాయనే నమ్మకాన్ని 1962లోనే మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ ప్రశ్నించారు. అక్కడ రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలే పరీక్షల్లో ముందున్నారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కన్నా రెండు భాషలవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఈ మేలు ఎంత అనేదానిపై పరిశోధకుల్లో వాదనలున్నాయి, నిజమే. కానీ అవ్వ మాటతో బిడ్డ చెడిపోతాడనడానికి ఆధారమేదీ?

"అవ్వ తెలుగులో సగం తమిళమే కదా" అనేవాళ్లూ ఉన్నారు. ఉండనీ. తరతరాలుగా ఈ నేలమీద నిలిచిన తెలుగు అదే. టీవీ తెలుగు బిడ్డను పేరు పెట్టి పిలవదు.

2006 చట్టం తర్వాత బడిలో తెలుగు చదువుకోవడం కష్టమైంది. ఆ పోరాటం ప్రభుత్వంతో. ఇంట్లో మాట్లాడటానికి ఏ జీవో అక్కర్లేదు, అక్కడ తెలుగును ఆపుతున్నది మనమే.

కాబట్టి గ్రూపులో పిల్లల వీడియోలు పంచడం ఆపుదాం. హొసూరులో, బెంగుళూరులో ఉన్నవాళ్లు రోజూ ఊరికి వీడియో కాల్ చేసి బిడ్డను అవ్వతో, తాతతో మాట్లాడించండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఫోను పక్కన పెట్టి బిడ్డను అవ్వ ఒడిలో కూర్చోబెట్టండి. ఆమె తెలుగులోనే మాట్లాడనీయండి.