కూతురికీ కాస్త గడువు

మా పెద్దాపురం మహారాణి కాలేజీలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న పిల్ల, రాజమండ్రి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఎకనామిక్సులో చేరుతుందనుకోండి. నెల తిరక్కుండానే ఫోను: "అమ్మా, ఏమీ అర్థం కావటం లేదే!" అంతే, ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు: "దానికంత చదువెందుకు? తీసుకొచ్చేసి సంబంధాలు చూడండి."

ఇదేం న్యాయమండీ? ఇంగ్లీషు రాకనా? 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కూడా ఇంగ్లీషులోనే కదా! చిక్కు భాషలో లేదు, బట్టీలో ఉంది. ఊరేదైనా, మన డిగ్రీ చదువు చాలావరకు గైడు చదువే. ఎమ్మేకొచ్చాక "నాలుగు పుస్తకాలు చదివి, సెమినారులో నీ అభిప్రాయం చెప్పు" అంటారు. ఆడపిల్లకో అభిప్రాయం ఉంటుందని అంతవరకూ ఇంట్లో ఎవరైనా అడిగారా?

కొత్తకోడలికి అత్తింట ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియడానికే నెల పడుతుందంటాం. "సర్దుకోవాలమ్మా" అని ఏళ్ళ తరబడి నీతులు చెబుతాం. చదువులో సర్దుకోడానికి మాత్రం ఒక్క సెమిస్టరు గడువివ్వం! అదే కొడుకైతే "మెల్లగా అలవాటవుతుందిలే" అంటాం.

పాండవులమెట్ట ఎక్కుతూ ఆయాసపడితే కాసేపు కూర్చోమంటాం గాని దిగిపొమ్మనం. ఈసారి ఫోనొస్తే "వచ్చెయ్యి" అనకండి. "అర్థం కాలేదని మాష్టార్నే అడుగు" అనండి.