చీటీ వ్రాసి పంపుటయే వైద్యమా?

పురుగుమందు మ్రింగినవానిని తాలూకా ఆసుపత్రికి గొనిపోయినచో, పై ఆసుపత్రికి చీటీ వ్రాసి యిచ్చి చేతులు దులుపుకొను ఆచారము పెక్కుచోట్ల కలదు. త్రోవలో ప్రాణము పోయినచో విధి యందురు. అది విధి కాదు, వైద్యులకు తగిన శిక్షణ లేకపోవుటయే యని మేము చెప్పుచున్నాము.

కోలారు, హోసూరు ప్రాంతములలో మనవారు పెక్కుమంది సేద్యముపై బ్రతుకువారు. పురుగుమందు లేని యిల్లు అరుదు. ఆర్గనోఫాస్ఫరస్ జాతి మందులకు అట్రోపిన్ విరుగుడు. అది క్రొత్తది కాదు, ఖరీదైనదియు కాదు. కాని ఒక్క సూది వేసి యూరకుండిన చాలదు. ఐదేసి నిమిషములకు రోగిని పరీక్షించుచు, రొమ్ములో గురగుర తగ్గువరకు మోతాదు రెట్టించుచు పోవలెను. ఊపిరి చాలనిచో గొట్టము వేసి శ్వాస నిలుపవలెను. ఇది చేతితో నేర్వవలసిన విద్య.

మరియొక మోసము కలదు. పారాసిటమాల్ మాత్రలు మితిమీరి మ్రింగినవారు మొదటిదినము చక్కగనే కనబడవచ్చును. కాలేయము చెడుట తరువాత బయటపడును. ఎరుగని వైద్యుడు వారిని ఇంటికి పంపును. ఎసిటైల్‌సిస్టీన్ అను విరుగుడు 8 గంటల లోపల పడినచో మిక్కిలి గుణమిచ్చును.

మన కళాశాలలలో విషశాస్త్రమును ముఖ్యముగా న్యాయవైద్యములో భాగముగా బోధింతురు. శవములో విషమును కనుగొను విద్యకు చోటు దొరికినది. ప్రాణమున్నవానిని నిలుపు విద్యకు చాలినంత దొరకలేదు.

పోలీసు కేసని జంకువారికి 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద కటారా వ్యాజ్యమున సమాధానము చెప్పినది: ముందు ప్రాణరక్షణ, పిదప లాంఛనములు. నేర్పువారు లేరనుటయు చెల్లదు. ఢిల్లీ ఎయిమ్సులో 1995లో జాతీయ విషసమాచార కేంద్రము వెలసినది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారికి ఈ చికిత్సలో దీర్ఘానుభవము కలదు.

కావున తాలూకా ఆసుపత్రులలోని ప్రతి వైద్యునికిని, నర్సునకును ఏటేట విషచికిత్సలో శిక్షణ యీయవలెను. విరుగుడుమందులు ఎల్లవేళల నిలువ యుండవలెను. పై ఆసుపత్రికి పంపవలసివచ్చినను, ప్రథమచికిత్స చేసిన పిదపనే పంపవలెను. ఏ మందు, ఎన్ని గంటలకు అని రోగి యింటివారిని వారి భాషలో అడుగగలవారొకరు అచట నుండవలెను.

మన వంతును కలదు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు త్రాగించి వాంతి చేయింపరాదు. మందుడబ్బాను రోగివెంట గొనిపోవలెను. సోదరులారా, మన సంఘశాఖలన్నియు ఈ కోర్కెలతో తమ శాసనసభ్యులకు మహజరులు పంపవలెనని విన్నవించుచున్నాము. చీటీ చేతబట్టుకొని త్రోవలో ఏడ్చుటకన్న ముందే అడుగుట మేలు.